రొయ్యల గుంట లెక్కతో ఐటీలోకి

ఇందుకూరుపేట, విడవలూరు, అల్లూరు, కొత్తపట్నం వైపు నుంచి వచ్చి ఇంజినీరింగ్ చదివే పిల్లల్లో చాలామంది ఇళ్లకు రొయ్యల గుంటలు ఉంటాయి. లేదంటే గుంట లీజుకు తీసుకున్న బాబాయో మేనమామో ఉంటాడు. సీడ్ (రొయ్య పిల్లలు) ఎంత వేశారు, మేత ఎన్ని కేజీలు పడుతోంది, కౌంట్ (కేజీకి ఎన్ని రొయ్యలు) ఎంతకొచ్చింది అన్నవి అన్నం తింటూ వినే మాటలు వీళ్లకు. అదే పిల్లలు రెజ్యూమెలో ప్రాజెక్ట్ అన్నచోట ‘లైబ్రరీ మేనేజ్‌మెంట్ సిస్టమ్’ అని రాస్తారు. పక్క బెంచీవాళ్లూ అదే రాస్తారు. అందులో ఒక్క ప్రశ్న లోతుగా అడిగితే ఎవరి దగ్గరా జవాబు ఉండదు, ఎందుకంటే ఆ లైబ్రరీని ఎవరూ చూడలేదు.

ఐటీలో మొదటి ఉద్యోగం కోసం చూసేవాళ్లకు నేను గట్టిగా చెప్పేది ఒకటే. మీకు పుట్టినప్పటి నుంచి తెలిసిన లెక్క ఒకటి తీసుకోండి. దాన్ని డేటాబేస్‌లో పెట్టండి, ప్రోగ్రాం రాయండి, లైనెక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ మీద నడపండి. తెలిసిన లెక్క అయితే జవాబు తప్పొచ్చినప్పుడు కంప్యూటర్ చెప్పకపోయినా మీకు తెలిసిపోతుంది. ఈ పనిలో జీతం ఇచ్చేది ఆ తెలివిడికే.

గుంటలు లేని ఊరైతే ఊరికి తగ్గ లెక్క ఉంటుంది. పొదిలి, కొండపి, టంగుటూరు వైపు పొగాకు వేలం ఉంది: చెక్కు (పొగాకు కట్ట) బరువు, గ్రేడు, కేజీ ధర. చీమకుర్తిలో గ్రానైట్ బ్లాకు కొలతలు, పొదలకూరులో నిమ్మకాయల మార్కెట్. నేను మాత్రం ఇక్కడ రొయ్యల గుంటనే తీసుకుంటాను, తప్పులు ఇందులో బాగా కనబడతాయి.

టేబుల్స్ నాలుగు చాలు. గుంట: పేరు, ఎన్ని ఎకరాలు. పంట: ఏ గుంటలో, సీడ్ వేసిన తేదీ, ఎన్ని పిల్లలు, పట్టుబడి తేదీ. మేత: ఏ పంటకు, ఏ రోజు, ఎన్ని కేజీలు. సాంప్లింగ్: ఏ పంటకు, ఏ రోజు, కేజీకి ఎన్ని రొయ్యలు. మొదట్లో అందరూ చేసే తప్పు గుంటనూ పంటనూ ఒకే టేబుల్‌లో కలిపెయ్యడం. ఒకే గుంటలో ఏడాదికి రెండు పంటలు తీస్తే, మొదటి పంట మేత వచ్చి రెండో పంట ఖర్చులో పడుతుంది. కలిసిపోయిన టేబుల్స్‌ను విడగొట్టే నార్మలైజేషన్ అనే పాఠం పుట్టింది ఇలాంటి ఇబ్బంది నుంచే. మూడో నార్మల్ ఫారం నిర్వచనం బట్టీ పట్టి అప్పజెప్పడం కంటే, ‘గుంట ఉండిపోతుంది, పంట మారుతుంది, అందుకని విడగొట్టాను’ అని చెబితే ఎదుటివాళ్లు కుర్చీలో కాస్త ముందుకు జరుగుతారు.

ఇప్పుడు లెక్క చూడండి. రెండు లక్షల రొయ్య పిల్లలు వేశారు. 80 శాతం బతికాయనుకుంటే 1,60,000 రొయ్యలు. కౌంట్ 50 అంటే కేజీకి 50, ఒక్కోటి 20 గ్రాములు. మొత్తం సరుకు 3,200 కేజీలు. 90 రోజుల్లో వేసిన మేత 4,480 కేజీలు. మేతను సరుకుతో భాగిస్తే 1.4 వస్తుంది. రైతు దీన్నే ఎఫ్‌సీఆర్ అంటాడు, కేజీ రొయ్యకు ఎన్ని కేజీల మేత పట్టిందన్నమాట.

ఈ అంకెను ఎస్‌క్యూఎల్‌లో, అంటే డేటాబేస్‌ను ప్రశ్నలడిగే భాషలో, తీసుకురండి. కొత్తవాళ్లు పంట టేబుల్‌కు మేతను జాయిన్ చేస్తారు (వరుసలను జతకలుపుతారు), ఆ పక్కనే సాంప్లింగ్‌నూ జాయిన్ చేస్తారు, పైన మేత మీద సమ్ (కూడిక) పెడతారు. ఎర్రర్ ఏమీ రాదు. జవాబు మాత్రం 4,480 బదులు 44,800 కేజీలు. ఎఫ్‌సీఆర్ 14.

ఎందుకిలా? మేతకు రోజుకొక వరుస చొప్పున 90 వరుసలు ఉన్నాయి. సాంప్లింగ్ పదిసార్లు చేశారు, 10 వరుసలు. ఈ రెండింటికీ మధ్య ఉమ్మడిగా ఉన్నది పంట నంబరు ఒక్కటే. కాబట్టి ప్రతి మేత వరుసా పది సాంప్లింగ్ వరుసలతోనూ జతకడుతుంది. 90 కాస్తా 900 అవుతుంది. ఒక్కో రోజు మేతను పదేసిసార్లు కూడినట్టు. దీనికి మందు ఏమిటంటే, ముందు మేతను పంటవారీగా గ్రూప్ బై చేసి ఒక్క వరుసకు తెచ్చుకోవాలి. సాంప్లింగ్‌లో ఆఖరి తేదీ వరుసను విడిగా తీసుకోవాలి. ఆ తర్వాతే రెండింటినీ పంటకు జాయిన్ చెయ్యాలి. విత్ అనే క్లాజ్ వాడితే ఈ మూడు మెట్లూ చదవడానికి వీలుగా విడివిడిగా కనబడతాయి. ఒకేలాంటి విలువలను ఒక్కసారే లెక్కించే డిస్టింక్ట్ పెట్టి సరిచేశామనుకునేవాళ్లు ఉంటారు. అది ఇంకా ప్రమాదం: రెండు రోజులు సమానంగా 50 కేజీలు వేసి ఉంటే సమ్ డిస్టింక్ట్ అందులో ఒక రోజును మింగేస్తుంది.

ఎఫ్‌సీఆర్ 14 అన్నది చూసి గుంట తెలిసిన పిల్లవాడు ఒక్క క్షణంలో ‘ఇది జరిగే పని కాదు’ అంటాడు. లైబ్రరీ ప్రాజెక్ట్‌లో ఇదే తప్పు జరిగితే ఎవరికీ కనబడదు. చాట్‌జీపీటీ, కోపైలట్ లాంటివి కోడ్ రాసిపెట్టే ఈ రోజుల్లో ఈ చూపు విలువ ఇంకా పెరిగింది. వాటిని వాడొద్దని నేను అనను, వాడండి. కానీ అవి రాసిన క్వెరీ (డేటాబేస్‌ను అడిగే ప్రశ్న) తప్పు లేకుండా నడిచినంత మాత్రాన జవాబు ఒప్పయినట్టు కాదు. ఒక పంటకు కాగితం మీద చేత్తో లెక్క కట్టి, ఆ అంకెతో సరిపోల్చండి. ఒక్కో లైను ఎందుకుందో చెప్పలేని కోడ్‌ను రెజ్యూమెలోకి రానివ్వకండి.

ఇదే గుంటలో ఇంకొన్ని గోతులున్నాయి. కౌంట్ 60 అయితే ఒక్కో రొయ్య బరువు తీయడానికి 1000ని 60తో భాగించాలి. పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్‌లో రెండూ పూర్ణాంకాలైతే జవాబు 16 అని వస్తుంది, 16.67 రాదు. మైఎస్‌క్యూఎల్‌లో దశాంశంతోనే వస్తుంది. ఒక డేటాబేస్‌లో రాసి ఇంకోదానికి మారినప్పుడు ఇది దెబ్బతీస్తుంది. 1000.0 అని రాస్తే చాలు.

ఆక్సిజన్ రీడింగ్‌ల దగ్గర నల్ అంటే ఏమిటో అర్థమవుతుంది. మూడు రోజులు 4, 5, 3 వచ్చాయి, ఒకరోజు మీటర్ పాడై చూడలేదు. ఆ రోజును నల్‌గా వదిలేస్తే సగటు 4. సున్నా అని నింపితే సగటు 3. ‘చూడలేదు’ వేరు, ‘సున్నా ఉంది’ వేరు. నిజంగా సున్నా ఉంటే గుంటలో రొయ్య మిగలదు కదా.

ఈ వారం సాంప్లింగ్ చెయ్యని గుంటలు ఏవో అడగండి. ఎడమ టేబుల్ వరుసలన్నీ ఉంచే లెఫ్ట్ జాయిన్ చేసి తేదీ షరతును వేర్‌లో (జాయిన్ అయ్యాక వడగట్టే చోట) పెడితే, సాంప్లింగ్ లేని గుంటలే జాబితా నుంచి ఎగిరిపోతాయి. మనకు కావలసినవి అవే. వేర్ దగ్గరికి వచ్చేసరికి ఆ గుంటల తేదీ నల్, నల్‌తో ఏ పోలికా నిజం కాదు. తేదీ షరతును ఆన్‌లోకి (జాయిన్ కలిపే షరతు దగ్గరికి) మార్చి, వేర్‌లో ‘సాంప్లింగ్ నంబరు నల్’ అని అడగాలి. ఇంటర్వ్యూల్లో లెఫ్ట్ జాయిన్‌కూ ఇన్నర్ జాయిన్‌కూ తేడా అడిగినప్పుడు అందరూ వృత్తాల బొమ్మ గీస్తారు. మీరు ఈ గుంట సంగతి చెప్పండి.

సమయం సంగతి. గుంటలో ఆక్సిజన్ తెల్లవారుజామునే బాగా పడిపోతుంది, అందుకే నాలుగున్నరకు లేచి చూస్తారు. సర్వర్ గడియారం మామూలుగా యూటీసీ అనే అంతర్జాతీయ ప్రామాణిక సమయంలో ఉంటుంది, మనకంటే అయిదున్నర గంటలు వెనక. మన 4:30 దానికి ముందురోజు రాత్రి 11:00. తేదీవారీగా గ్రూప్ బై చేస్తే సోమవారం రీడింగ్ ఆదివారం ఖాతాలో పడుతుంది. టైమ్‌స్టాంప్‌ను టైమ్ జోన్‌తో సహా దాచి, తేదీ తీసేముందు ఏసియా/కోల్‌కతాకు మార్చుకోవాలి. డబ్బుకు ఫ్లోట్ అనే ఉజ్జాయింపు అంకెల రకం వాడొద్దు, డెసిమల్ వాడండి. ఫ్లోట్‌లో 0.1కీ 0.2కీ కూడిక 0.30000000000000004.

తెలుగు పేర్లు దాచేటప్పుడు ఇంకో ముచ్చట. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో ‘నెల్లూరు’ పొడవు అడగండి. కంటికి మూడక్షరాలు, జవాబు 8. న, ఎత్వం, ల, విరామం, ల, ఊత్వం, ర, ఉత్వం అని ఎనిమిది కోడ్ పాయింట్లు (యూనికోడ్ గుర్తులు). అక్షరాలను బైట్లుగా దాచే యూటీఎఫ్-8లో తెలుగుకు ఒక్కోదానికి 3 బైట్లు, మొత్తం 24. మైఎస్‌క్యూఎల్‌లో పాత యూటీఎఫ్8 మూడు బైట్ల దాకే పట్టుకుంటుంది. తెలుగు పడుతుంది, ఎవరైనా పేరు పక్కన ఎమోజీ పెడితే ఆగిపోతుంది. యూటీఎఫ్8ఎంబీ4 పెట్టుకుంటే ఆ బాధ లేదు, 8.0 నుంచి అదే డిఫాల్ట్.

పని మొదలుపెట్టే వరుస

రోజుకు మూడు గంటలు కూర్చోగలిగితే నాలుగు నెలలు. మొదటి నాలుగు వారాలు ఎస్‌క్యూఎల్ ఒక్కటే. తర్వాత ఆరు వారాలు జావా లేదా పైథాన్, రెండూ కాదు. లైనెక్స్‌కూ, కోడ్ మార్పులను దాచిపెట్టే గిట్‌కూ మూడు వారాలు. మిగతా నాలుగు వారాల్లో ఈ గుంట లెక్కను ఫోన్‌లో తెరుచుకునే పేజీగా మార్చడం. ఎస్‌క్యూఎల్‌ను ముందు పెట్టడానికి కారణం ఉంది: డెవలపర్, టెస్టర్, సపోర్ట్, డేటా, ఏ దారి పట్టినా అది వృథా పోదు. జావా ఎంచుకున్నవాళ్లు వెబ్ ప్రోగ్రాంలు కట్టే స్ప్రింగ్ బూట్ దాకా వెళ్లాలి, పైథాన్ వాళ్లకు ఫాస్ట్‌ఏపీఐ గానీ జాంగో గానీ చాలు. ఒక కోర్స్ సగంలో ఉండగా ఇంకో కోర్స్ పేరు విని దూకేవాళ్లు ఏడాది తర్వాత కూడా మొదటి మెట్టు మీదే ఉంటారు.

ల్యాప్‌టాప్‌కు 8 జీబీ ర్యామ్, ఎస్‌ఎస్‌డీ ఉంటే పని జరుగుతుంది, 16 జీబీ అయితే హాయి. ఆఫీసుల్లో వాడి అమ్మేసిన సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్‌లు ఈ పనికి బాగానే పనికొస్తాయి. విండోస్‌లోనే లైనెక్స్‌ను నడిపే డబ్ల్యూఎస్‌ఎల్ పెట్టుకుని ఉబుంటు (ఒక రకం లైనెక్స్) వాడండి. ఇన్‌స్టాల్ దగ్గర వర్చువలైజేషన్ గురించి ఎర్రర్ వస్తే మెషిన్ పాడైనట్టు కాదు. బయోస్‌లో (మెషిన్ మొదలయ్యేటప్పటి సెట్టింగ్స్‌లో) ఆ ఆప్షన్ ఆపేసి ఉంటుంది, ఆన్ చేసి మళ్లీ స్టార్ట్ చెయ్యాలి.

కోడ్‌ను ఆన్‌లైన్‌లో దాచే గిట్‌హబ్‌కు మొదటిసారి పుష్ చేసేటప్పుడు (పైకి పంపేటప్పుడు) పాస్‌వర్డ్ అడిగితే అకౌంట్ పాస్‌వర్డ్ కొట్టి, పని చెయ్యడం లేదని వదిలేసేవాళ్లు ఉన్నారు. 2021 ఆగస్టు 13 నుంచి అది తీసుకోదు. టోకెన్ గానీ ఎస్‌ఎస్‌హెచ్ కీ గానీ ఉండాలి. మెయిన్ అనే బ్రాంచ్ దొరకలేదని వస్తే, మీ దగ్గర బ్రాంచ్ పేరు మాస్టర్ అని ఉందేమో, లేదా ఒక్క కమిట్ (దాచిన మార్పు) కూడా చెయ్యలేదేమో చూడండి. అన్నిటికంటే పెద్ద తప్పు డేటాబేస్ పాస్‌వర్డ్‌ను కోడ్‌లో రాసి పైకి పంపడం. తర్వాతి కమిట్‌లో తీసేసినా పాత కమిట్‌లో అది అలాగే ఉంటుంది. పాస్‌వర్డ్‌ను మార్చెయ్యడమే ముందు చెయ్యాల్సిన పని. ఆ తర్వాత దాన్ని ఎన్విరాన్‌మెంట్ ఫైల్‌లోకి మార్చి, ఆ ఫైల్ పేరును గిట్‌ఇగ్నోర్‌లో (గిట్ పట్టించుకోని ఫైళ్ల జాబితాలో) పెట్టండి. ఇంకోటి, నెల పని అంతా ఒకే కమిట్‌లో కుక్కకండి. రోజువారీ చిన్న చిన్న కమిట్‌లు చూస్తే ఈ పని మీరే చేశారని వేరే చెప్పక్కర్లేదు.

సర్వర్ మీద పెట్టేటప్పుడు ముందర ఎంజినెక్స్ అనే వెబ్ సర్వర్, వెనక మీ ప్రోగ్రాం 8000 పోర్ట్‌లో, దాని వెనక డేటాబేస్ 5432లో. బయటికి తెరవాల్సినవి 80, 443 మాత్రమే. లాగిన్ కోసం వాడే 22ను మీ ఐపీ అడ్రస్‌కే తెరవండి. డేటాబేస్ పోర్ట్‌ను లోకమంతటికీ తెరిస్తే, పాస్‌వర్డ్‌లు వరసగా కొట్టి చూసే ప్రోగ్రాంలు వెతుక్కుంటూ వచ్చేస్తాయి. ఎస్‌ఎస్‌హెచ్ కీ ఫైల్ పర్మిషన్ 600 ఉండాలి. 644 ఉంటే లోపలికి రానివ్వదు, ఎందుకంటే అదే మెషిన్ వాడే ఇంకొకళ్లు కూడా ఆ కీని చదవగలరు.

ఇక్కడ నాలుగు ఎర్రర్‌ల తేడా నోటికి రావాలి. 502 వస్తే ఎంజినెక్స్ బతికే ఉంది, వెనక ప్రోగ్రాం పడిపోయింది. 504 అంటే ప్రోగ్రాం ఉంది, జవాబివ్వడానికి ఆలస్యం చేస్తోంది. చాలాసార్లు కారణంగా ఇండెక్స్ (త్వరగా వెతికే సూచిక) లేని క్వెరీ దొరుకుతుంది. కనెక్షన్ రెఫ్యూజ్డ్ అంటే మెషిన్ దాకా వెళ్లాం, ఆ పోర్ట్‌లో వినేవాడు లేడు. ఏమీ పలక్కుండా టైమవుట్ అయితే మధ్యలో ఫైర్‌వాల్ ఆపేస్తోందేమో ముందు చూడాలి. ఇంకో చిక్కు: డిస్క్ నిండింది, పెద్ద లాగ్ ఫైల్ తీసేశారు, అయినా ఖాళీ పెరగలేదు. ఆ ఫైల్‌ను తెరిచి పట్టుకున్న ప్రాసెస్ ఇంకా నడుస్తోంది. దాన్ని రీస్టార్ట్ చేస్తేనే చోటు విడుదలవుతుంది. సపోర్ట్ ఉద్యోగాల్లో ఏళ్ల తరబడి అడుగుతున్న ప్రశ్న ఇది, ఇప్పటికీ చాలామంది తడబడతారు.

క్లౌడ్ (అద్దె సర్వర్) అకౌంట్ తెరవగానే ముందు బడ్జెట్ అలర్ట్ పెట్టుకోండి. మెషిన్ ఆపేశాం కదా అని ఊరుకుంటే డిస్క్‌కు డబ్బు పడుతూనే ఉంటుంది. అమెజాన్ క్లౌడ్ ఏడబ్ల్యూఎస్‌లో పబ్లిక్ ఐపీవీ4 అడ్రస్‌కు 2024 ఫిబ్రవరి 1 నుంచి గంటకు 0.005 డాలర్లు, నెలకు మూడున్నర డాలర్ల పైమాట. నాన్న కార్డు మీద అకౌంట్ తెరిచినవాళ్లు దీన్ని మరీ మరీ గుర్తుపెట్టుకోవాలి.

రోజూ బ్యాకప్ తీసే స్క్రిప్ట్‌ను, చెప్పిన సమయానికి దానంతటదే నడిపే క్రాన్‌లో పెట్టండి, ఆ బ్యాకప్‌ను ఒకసారి వేరే డేటాబేస్‌లోకి రీస్టోర్ చేసి వరుసలు లెక్కపెట్టండి. క్రాన్‌లో పాత్ (కమాండ్‌లు వెతికే చోటు) వేరుగా ఉంటుంది కాబట్టి చేత్తో నడిచిన స్క్రిప్ట్ అక్కడ నడవకపోవచ్చు. కమాండ్‌ల పూర్తి పాత్ రాస్తే పోతుంది.

ఏ కొలువుకు, ఎలా

కోడింగ్ ఉద్యోగం రాకపోతే జీవితం అయిపోయినట్టు మాట్లాడతారు మన దగ్గర. ఎల్1 సపోర్ట్‌ను (ఫిర్యాదులు మొదట చూసే పనిని) చులకన చెయ్యకండి. అక్కడ పాడైన సిస్టమ్‌లు రోజూ కళ్లముందుంటాయి, కాలేజీలో ఎవరూ చూపించలేనివి. నైట్ షిఫ్ట్‌లు ఉంటాయి, ఆరోగ్యం చూసుకోవాలి. కానీ అక్కడ ఇరుక్కుపోయేవాళ్లకూ పైకొచ్చేవాళ్లకూ తేడా ఒక నోట్‌బుక్‌లో ఉంటుంది. ఏ టికెట్ (ఫిర్యాదు) వచ్చింది, కారణం ఏమని తేలింది, ఎలా సరిచేశారు, మళ్లీ రాకుండా ఏం చెయ్యొచ్చు అన్నది రాసుకోవాలి. కంపెనీ డేటా, కస్టమర్ పేర్లు అందులో రాయకూడదు. మూడుసార్లు ఒకే టికెట్ వస్తే దానికి బ్యాష్‌లోనో పైథాన్‌లోనో స్క్రిప్ట్ రాసి, సీనియర్‌కు చూపించి, ఒప్పుకుంటేనే నడపాలి. రెండేళ్లలో డెవ్‌ఆప్స్ (సిస్టమ్‌లు నడిపే పనుల ఆటోమేషన్) వైపు వెళ్లే దారి అదే.

నెల్లూరు పిల్లలు ఐటీ అనగానే హైదరాబాద్‌లోని అమీర్‌పేట బస్సెక్కుతారు. చెన్నై సుమారు 175 కిలోమీటర్లే. పొద్దున రైలెక్కి ఇంటర్వ్యూ ముగించుకుని రాత్రికి ఇల్లు చేరొచ్చు. తమిళం రాదని భయపడతారు గానీ ఇంటర్వ్యూ జరిగేది ఇంగ్లీషులో.

ఇంగ్లీషు గురించి కూడా చెప్పాలి, తెలుగు మీడియంలో చదివినవాళ్లు ఎక్కువ కుంగిపోయేది ఇక్కడే. మొత్తం భాష ఇప్పటికిప్పుడు నేర్చుకోనక్కర్లేదు. మీ ప్రాజెక్ట్‌ను రెండు నిమిషాల్లో చెప్పడం నేర్చుకోండి: ఏ లెక్క కావాలి, ఏ టేబుల్స్ వేశారు, 4,480 ఎందుకు 44,800 అయింది, ఎలా సరిచేశారు. ఫోన్‌లో రికార్డ్ చేసుకుని వినండి. ఇరవైసార్లు చెబితే మాట దానంతటదే సాగుతుంది. ఎఫ్‌సీఆర్ అంటే ఏమిటని వాళ్లు తప్పకుండా అడుగుతారు. తెలిసినదాన్ని గురించి అడిగితే ఎవరికైనా గొంతు లేస్తుంది.

రెజ్యూమె ఒకటే పేజీ, ఒకటే కాలమ్, పీడీఎఫ్. రెండు కాలమ్‌లు, బొమ్మలు, స్కిల్స్ పక్కన నక్షత్రాలు పెడితే వాటిని చదివే సాఫ్ట్‌వేర్ వరుస తప్పుతుంది. తండ్రి పేరు, మతం, ఫొటో అక్కర్లేదు. రాసిన ప్రతి మాట మీద ప్రశ్న వస్తుందనుకుని రాయండి. సీజీపీఏను శాతంలోకి మార్చేటప్పుడు మీ రెగ్యులేషన్‌కు (మీ బ్యాచ్ సిలబస్ నియమాలకు) యూనివర్సిటీ ఇచ్చిన సూత్రమే వాడాలి. ప్రకాశంలోని ఇంజినీరింగ్ కాలేజీలు మామూలుగా కాకినాడ జేఎన్‌టీయూ కిందికి, నెల్లూరువి అనంతపురం కిందికి వస్తాయి, కాబట్టి పక్క జిల్లా స్నేహితుడి సూత్రం మీకు సరిపోకపోవచ్చు.

పేరు. ఇది చిన్న విషయంగా కనబడి చివర్లో కాలు పట్టుకుని లాగేది. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ముందుంటుంది. ఆధార్‌లో పొడి అక్షరం ఉంటుంది. పాన్‌లో ఇంటిపేరు చివరికి వెళ్లిపోతుంది. ఉద్యోగంలో చేరాక పీఎఫ్ ఖాతా ఆధార్‌తో కలిసేటప్పుడు పేరు గానీ పుట్టినతేదీ గానీ తేడా ఉంటే కేవైసీ ఆగిపోతుంది. మెమోను ఆధారంగా పెట్టుకుని మిగతావన్నీ దాని ప్రకారం మార్పించుకోండి, చివరి సంవత్సరంలోనే. ఆధార్‌లో పేరు మార్పుకు రెండుసార్లు, పుట్టినతేదీకి ఒక్కసారే మామూలుగా అవకాశం ఇస్తారు. తొందరపడి తప్పు కాగితం ఇచ్చి ఆ ఒక్కసారీ పాడుచేసుకోవద్దు.

ఇక ఫేక్ ఎక్స్‌పీరియన్స్. డబ్బు తీసుకుని మూడేళ్ల అనుభవం ఉన్నట్టు కాగితాలు చేసిస్తామనేవాళ్లు ఉన్నారు, మన ఊళ్ల నుంచి పొలం తాకట్టు పెట్టి ఇచ్చినవాళ్లూ ఉన్నారు. ఇది ఎలా బయటపడుతుందో తెలిస్తే ఎవరూ ఆ జోలికి పోరు. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ చేసేవాళ్లు యూఏఎన్ (పీఎఫ్ సభ్యుడి నంబరు) సర్వీస్ హిస్టరీ చూస్తారు: ఏ కంపెనీలో ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా పీఎఫ్ పడిందో అందులో ఉంటుంది. 20 మంది, అంతకంటే ఎక్కువ ఉన్న సంస్థకు పీఎఫ్ తప్పనిసరి కాబట్టి ‘వందమంది ఉన్న కంపెనీలో చేశాను, పీఎఫ్ లేదు’ అన్నమాట తేలిగ్గా నిలవదు. జీతం పడిన బ్యాంక్ స్టేట్‌మెంట్, పన్ను కోసుకుని ఉంటే ఫారం 26ఏఎస్ లాంటి పన్ను వివరాల కాగితం అడుగుతారు. చేరిన ఆర్నెల్లకు వెరిఫికేషన్ రిపోర్ట్ వచ్చి తీసేసినవాళ్లకు ఆ ఆర్నెల్లు నిజంగా చేసిన పని కూడా అనుభవంగా చెప్పుకునే వీలుండదు, ఎందుకంటే ఆ కంపెనీ పేరు చెబితే తీసేసిన సంగతీ బయటికొస్తుంది. పిల్లలు అబద్ధానికి ఒప్పుకునేది ఆశతో కంటే భయంతోనే ఎక్కువ. తల్లిదండ్రులు ఆ భయాన్ని పెంచకుండా ఇంకో ఆర్నెల్లు టైమ్ ఇస్తే చాలామంది ఆ దారికి పోరు.

ఆఫర్ వచ్చింది, సెక్యూరిటీ డిపాజిట్‌గానో ల్యాప్‌టాప్ కోసమనో డబ్బు కట్టమన్నారంటే అది మోసం. మెయిల్ వచ్చిన డొమైన్ కంపెనీ వెబ్‌సైట్‌దేనా చూడండి. కంపెనీకి 21 అక్షరాల సీఐఎన్ (రిజిస్ట్రేషన్ నంబరు) ఉంటుంది, కార్పొరేట్ వ్యవహారాల శాఖ సైట్‌లో అది కొట్టి చూడొచ్చు. ఒరిజినల్ మెమోలు చూపించండి, వాళ్ల దగ్గర వదలకండి.

జీతం అంకెను ఇంట్లో చెప్పేముందు విడదీసి చూసుకోండి. 3.6 లక్షల సీటీసీ (మీ మీద కంపెనీకి ఏడాదికయ్యే మొత్తం ఖర్చు) అంటే నెలకు 30,000 చేతికి వస్తుందని అద్దె ఇల్లు మాట్లాడేసుకుంటారు. బేసిక్ 15,000 అనుకుందాం. కంపెనీ కట్టే పీఎఫ్ 1,800, గ్రాట్యుటీ బేసిక్‌లో 4.81 శాతం అంటే 721, ఈ రెండూ సీటీసీ లోపలివే. పది శాతం వేరియబుల్ (పనితీరును బట్టి ఇచ్చే భాగం) ఉంటే నెలకు 3,000 పక్కకు పోతుంది, అది ఏడాది చివర వస్తే వచ్చినట్టు. మిగిలిన 24,479లో మీ వాటా పీఎఫ్ 1,800, హైదరాబాద్‌లోనో మన రాష్ట్రంలోనో అయితే ప్రొఫెషనల్ ట్యాక్స్ 200 పోగా 22,479. ఇన్సూరెన్స్ ఉంటే ఇంకో కొన్ని వందలు తగ్గుతుంది. వేరియబుల్ లేని 3.3 లక్షల ఆఫర్‌లో నెలనెలా చేతికొచ్చేది దీనికంటే తక్కువేమీ కాదని లెక్క వేస్తే తెలుస్తుంది.

ఆఫర్ లెటర్‌లో ఆఖరి పేజీల్లో నోటీస్ పీరియడ్ ఉంటుంది. ప్రొబేషన్‌లో 30 రోజులు ఉండి, కన్ఫర్మ్ అయ్యాక 90కి పెరగడం మామూలు. రెండేళ్ల తర్వాత మారాలనుకున్నప్పుడు కొత్తవాళ్లు 30 రోజుల్లో రమ్మంటే ఈ 90 అడ్డొస్తుంది. మిగతా రోజులకు డబ్బు కట్టి బయటపడే వీలుందా, అది బేసిక్ మీద లెక్కా మొత్తం జీతం మీద లెక్కా, కంపెనీ ఒప్పుకుంటేనా మన ఇష్టమేనా అన్నది అక్కడే రాసి ఉంటుంది. అర్థం కాకపోతే సంతకానికి ముందు హెచ్‌ఆర్‌కు మెయిల్ పెట్టి అడగండి, ఫోన్‌లో కాదు. జవాబు రాతపూర్వకంగా మీ దగ్గర ఉంటుంది.